యతి పేడ ఎక్కడ?

2019 ఏప్రిల్ నెలాఖరులో మన సైన్యం ట్విట్టర్‌లో కొన్ని ఫోటోలు పెట్టింది. నేపాల్లో మకాలూ పర్వతం బేస్ క్యాంపు దగ్గర ఆ నెల 9న తమ పర్వతారోహక బృందానికి యతి, అంటే హిమాలయాల్లో తిరుగుతుందని చెప్పుకునే మంచుమనిషి, అడుగులు కనిపించాయనీ, ఒక్కోటి 32 అంగుళాల పొడవు, 15 అంగుళాల వెడల్పు ఉందనీ దాని సారాంశం. రెండు రోజులు టీవీల్లో, వాట్సాప్ గ్రూపుల్లో అదే గోల. మా ఆఫీసు గ్రూపులో సగంమంది జోకులేశారు, మిగతా సగం "సైన్యం ఊరికే చెబుతుందా" అని వాళ్ళ మీద పడ్డారు. లెక్క వేసిన పాపాన మాత్రం ఒక్కరూ పోలేదు. మనిషి పాదం పొడవు అతని ఎత్తులో ఇంచుమించు 15 శాతం ఉంటుంది. ఆ కొలతే యతికీ పెడితే 32 అంగుళాల పాదమున్నది దాదాపు 18 అడుగుల ఎత్తుండాలి. మనకంటే ఎత్తు మూడింతలు దాటితే బరువు మూడింతలతో ఆగదు, ముప్ఫై ఇంతలు దాటిపోతుంది. అంటే రెండు టన్నుల పైమాటే. ఇప్పుడు చెప్పండి, 4,800 మీటర్ల పైన, రాళ్ళూ మంచూ తప్ప చెట్టన్నది లేనిచోట రెండు టన్నుల జంతువు పొద్దున లేచి ఏం తింటుంది? తిన్నది ఎక్కడో ఒకచోట బయటికి రావాలి కదా, అదేది?

యతిని నమ్మేవాళ్ళతోనూ, వెక్కిరించేవాళ్ళతోనూ నా పేచీ ఇదే. ఇద్దరూ దాన్ని జంతువుగా ఊహించరు. నమ్మేవాళ్ళు దానికి అడుగులిచ్చారు, అరుపులిచ్చారు, వొళ్ళంతా జుట్టిచ్చారు. పొట్ట ఇవ్వలేదు. పిల్లల్ని ఇవ్వలేదు, పేలనివ్వలేదు, జలుబు కూడా ఇవ్వలేదు పాపం. వెక్కిరించేవాళ్ళు ఇంకా బద్ధకస్తులు, "ఫోటో ఏదీ?" అని అడిగి ఊరుకుంటారు. ఫోటో లేకపోవడం పెద్ద విషయమేమీ కాదు. కెమెరాకి చిక్కని జంతువులు నిన్నమొన్నటిదాకా చాలా ఉన్నాయి, ఇప్పటికీ ఉన్నాయి. అసలు ప్రశ్న, ఆ జంతువు నిజంగా అక్కడ బతుకుతుంటే కొండ ఎలా ఉండేది, ఏ కొమ్మలు విరిగి ఉండేవి, ఏ పొలంలో దుంపలు పోయి ఉండేవి అన్నది. ఊహ తప్పని నేననను. పనికొచ్చే ఊహ కావాలంటాను. అందుకే కూర్చుని యతికి ఒక జీవచరిత్ర రాద్దామనుకున్నాను, బడిలో పులి గురించి రాసినట్టు: పూర్వీకులు, నివాసం, ఆహారం, సంతానం.

పూర్వీకుల దగ్గర పెద్ద ఇబ్బంది లేదు. ఆశ్చర్యంగా యతి కథలో అన్నిటికంటే గట్టి భాగం ఇదే. 1935లో ఫోన్ కోనిగ్స్‌వాల్డ్ అనే శాస్త్రవేత్త చైనా మందుల షాపుల్లో "డ్రాగన్ పళ్ళు" పేరుతో పొడి చేసి అమ్మే శిలాజాల మధ్య ఒక దవడ పన్ను చూశాడు. మనిషి పన్నులాంటిదే, కానీ సైజు చాలా పెద్దది. అలా బయటపడిందే జైగాంటోపిథెకస్ అనే రాక్షస వానరం. దక్షిణ చైనా గుహల్లో దొరికినవన్నీ కలిపి ఇప్పటికి నాలుగు కింది దవడలు, దాదాపు రెండు వేల పళ్ళు. అంతే. చెయ్యి లేదు, కాలు లేదు, వెన్నుపూస లేదు. పది అడుగులనీ, 300 కిలోలనీ చెప్పేదంతా ఆ పళ్ళని బట్టి కట్టిన అంచనా. 2019లో చుయ్‌ఫెంగ్ గుహలోని 19 లక్షల ఏళ్ళనాటి పంటి ఎనామిల్ నుంచి ప్రొటీన్లు తీసి చూస్తే అది ఒరాంగుటాన్‌కి దూరపు చుట్టమని తేలింది. ఇద్దరూ కోటి, కోటీ ఇరవై లక్షల ఏళ్ళ కిందట వేరుపడ్డారు. మనకు ఇంకా దగ్గర్లో కూడా ఉంది ఒకటి. హిమాచల్‌ప్రదేశ్ బిలాస్‌పూర్ జిల్లాలో హరితల్యాంగర్ అనే ఊరి దగ్గర దొరికి, 1968లో శాస్త్రవేత్తల చేతికొచ్చిన పెద్ద కింది దవడ. దాని వయసు 80, 90 లక్షల ఏళ్ళ మధ్య. శివాలిక్ కొండల అడుగున తోకలేని పెద్ద వానరం తిరిగిందన్నమాట, అది కథ కాదు, రాయిగా మారిన ఎముక.

కాబట్టి నా యతి ఆ శివాలిక్ వానరానికి మునిమునిమనవడు. హిమాలయం పెరుగుతోంది, పడమటి వైపు అడవులు పలచబడి గడ్డి పెరుగుతోంది, పండ్లు తినే వానరాలన్నీ అక్కడ పోయాయి. ఇంతవరకు నిజం. ఇక్కణ్ణుంచి నా కల్పన: ఒక్క శాఖ మాత్రం వానలు తగ్గని తూర్పు వైపుకి, ఇప్పటి తూర్పు నేపాల్, సిక్కిం, భూటాన్, అరుణాచల్ వైపుకి జరుగుతూ పోయి, పండ్లు చాలక ఆకుకీ, వెదురు మొలకకీ, దుంపకీ అలవాటు పడింది. ఈ అలవాటు పడడం అన్నది తేలికైన పని కాదని గుర్తుంచుకోవాలి. 2024 జనవరిలో వచ్చిన పరిశోధన ప్రకారం జైగాంటోపిథెకస్ పోయింది సరిగ్గా అది చేతకాకే. 2,95,000 నుంచి 2,15,000 ఏళ్ళ కిందటి మధ్యకాలంలో, రుతువుల తేడాలు పెరిగి అడవి మారిపోతుంటే పక్కనే ఉన్న ఒరాంగుటాన్ తిండి మార్చుకుంది, ఇది మార్చుకోలేక పీచూ బెరడూ నములుతూ ఆఖరైపోయింది. ఒళ్ళు పెద్దదైతే అదే బరువు.

అందుకని నా యతి చిన్నది. నూటపాతిక కిలోలు, ఆడదైతే ఎనభై. చలిప్రాంతపు జంతువు కాబట్టి పొట్టి కాళ్ళూ చేతులూ, చిన్న చెవులు, మందమైన బొచ్చు. రంగు తెలుపు మాత్రం కాదు. తెల్ల యతి కార్టూన్లలో పుట్టింది, షేర్పాల కథల్లో అది ఎర్రగానో, గోధుమరంగుగానో, నల్లగానో ఉంటుంది. ఎందుకంటే, నా జీవచరిత్రలో ముఖ్యమైన వాక్యం ఇదీ, యతి మంచులో ఉండదు. ఏడాది పొడుగునా మంచుండే చోట ఏ వానరమూ ఉండలేదు, ఉండి ఏం చేస్తుంది? మంచు అన్నది ఒక లోయ నుంచి ఇంకో లోయకి దాటేటప్పుడు అడ్డం వచ్చే దారి మాత్రమే. మంచులో అడుగులు కనబడేది అది అక్కడ ఉంటుంది కనక కాదు, మంచు అడుగుని దాచుకుంటుంది కనక. 2,500 నుంచి 3,800 మీటర్ల మధ్య ఓక్, రోడోడెండ్రాన్, వెదురు కలిసిన తడి అడవి, కొమ్మలకి గడ్డాల్లా వేలాడే నాచు, రోజుకి సగం సేపు పొగమంచు. యతి ఇల్లు అది. పర్వతారోహకులు ఆ అడవిని రెండు రోజుల్లో దాటేసి, పైకెళ్ళి, మంచులో నెలల తరబడి కూర్చుంటారు. అందుకే వాళ్ళ కథల్లో యతి మంచుమనిషి అయింది. కింద ఉన్నవాళ్ళకి అది అడవిది.

ఆహారం సంగతికొస్తే, పెద్ద మగ గొరిల్లా రోజుకి పాతిక కిలోల దాకా ఆకూ అలమూ తినగలదు. నా యతికి అంత అక్కర్లేదు, కానీ చలి ఎక్కువ, ఆకులో బలం తక్కువ, కాబట్టి పదిహేను కిలోలైనా లాగించాలి. వేసవిలో వెదురు మొలకలు, ఫెర్న్ కాడలు, అడవి స్ట్రాబెర్రీలు. వానల తర్వాత ఓక్ కాయలు. రాళ్ళు తిరగేసి పురుగులు. అప్పుడప్పుడూ కొండతేనె. బాగానే ఉంది. మరి డిసెంబరు? ఎలుగుబంటి అయితే కొవ్వు పెంచుకుని గుహలో పడుకుంటుంది. తోకలేని వానరాల్లో శీతాకాలమంతా పడుకునేది ఒక్కటీ లేదు. పడుకోలేనిది తినాలి, తినాలంటే దిగాలి. రెండు వేల మీటర్లకి దిగితే అక్కడ ఊళ్ళున్నాయి, మొక్కజొన్న కంకులు ఆరేసిన చూర్లున్నాయి, బంగాళాదుంపలు పాతిపెట్టిన గోతులున్నాయి. నా యతి కచ్చితంగా దుంపల దొంగ అవుతుంది. దాని మీద పంచాయతీలు జరుగుతాయి. అటవీశాఖకి నష్టపరిహారం దరఖాస్తులు వెళతాయి, అందులో ఒక గడి "నష్టం కలిగించిన జంతువు: యతి" అని ఉంటుంది, గుమాస్తా దాని పక్కన సంతకం పెడతాడు.

ఇది నవ్వుకోవడానికి అన్న మాట కాదు. ఎవరెస్ట్ బేస్ క్యాంప్ దారిలో మా గైడ్‌ని నేనిదే అడిగాను. "యతిని ఎవరైనా చూశారా, దాయ్?" అంటే అతను హిందీలో చెప్పిన మాట ఇది: "మా మామకి యాక్‌లున్నాయి భాయ్. ఎప్పుడైనా ఒకటి చచ్చిపడి ఉంటే ఇంట్లో యతి పని అంటాడు. పరిహారం కాగితంలో మాత్రం మంచు చిరుత అని రాయిస్తాడు." నాకు ఆ మామ తెగ నచ్చేశాడు. ఆయనకి రెండూ తెలుసు, ఏది ఎక్కడ చెప్పాలో కూడా తెలుసు.

సంతానం. ఇక్కడే నా యతి బతుకు కష్టాల్లో పడింది. ఒరాంగుటాన్ తల్లి ఒక బిడ్డకీ ఇంకో బిడ్డకీ మధ్య ఏడెనిమిదేళ్ళు ఆగుతుంది. అంత నెమ్మదిగా కనే జంతువు తరతరాలుగా నిలవాలంటే పదీ ఇరవై ఉంటే చాలదు, వందల్లో ఉండాలి. 2017లో కొత్త జాతిగా గుర్తించిన సుమత్రాలోని తపానులి ఒరాంగుటాన్లు 800 లోపే ఉన్నాయి, అవి మిగులుతాయో లేదో అని శాస్త్రవేత్తలు తలలు పట్టుకుంటున్నారు. కాబట్టి నా లెక్కలో యతులు కనీసం 500 అనుకుందాం. ఒంటరి రాక్షసుడు కాదు, ఐదొందల కుటుంబీకులు. పళ్ళూడిన ముసలివి, చంక దిగని పిల్లలు, కాలు విరిగినవి, లోయలో పడి చచ్చినవి.

ఇప్పుడు పక్కల లెక్క. గొరిల్లా, చింపాంజీ, బొనోబో, ఒరాంగుటాన్, ఈ నాలుగు రకాలూ ప్రతి సాయంత్రం కొమ్మలు వంచి, ఆకులు పరిచి కొత్త గూడు కట్టుకుని పడుకుంటాయి. రోజూ కొత్తదే. అడవిలో ఇవి ఎన్ని ఉన్నాయో తేల్చాలంటే పరిశోధకులు సాధారణంగా జంతువుల్ని లెక్కపెట్టరు, గూళ్ళని లెక్కపెడతారు. జంతువు పారిపోతుంది కానీ గూడు పారిపోదు. నా 500 యతుల్లో తల్లితో పడుకునే పిల్లలు పోగా 350 గూళ్ళు వేసుకోండి రాత్రికి. ఏడాదికి లక్షా ఇరవై ఏడు వేల పైన. ఒక్కో గూటి కింద పొద్దున్నే ఒక కుప్ప, ఎందుకంటే లేవగానే అవి చేసే మొదటి పని అదే. కట్టెలకీ, వెదురుకీ, మూలికలకీ, పశువులకీ ఆ అడవిలో రోజూ తిరిగే జనానికి అన్ని లక్షల గూళ్ళలో ఒక్కటీ తగలకుండా ఉంటుందా?

తగిలింది! తమాషా అక్కడే. మకాలూ కింద బరున్ లోయలో 1983లో డేనియల్ టేలర్ అనే ఆయన యతి అడుగుల వెంట పడి వెళితే స్థానికులు "చెట్టు ఎలుగు" గురించి చెప్పారు, చెట్ల మీద కొమ్మలు విరిచి పేర్చిన గూళ్ళు చూపించారు, పుర్రెలిచ్చారు. అది ఆసియా నల్ల ఎలుగుబంటి. పెద్ద మగ ఎలుగుల భయానికి పిల్ల ఎలుగులు ఎక్కువసేపు చెట్ల మీదే గడుపుతాయి, కాయల కోసం కొమ్మలు లాక్కుని కిందేసి కూర్చుంటే అది గూడులా తయారవుతుంది. ఆ వెతుకులాట మకాలూ బరున్ జాతీయ పార్కు ఏర్పాటు దాకా వెళ్ళింది. నా యతి కోసం నేను కట్టిన ఇంట్లో అప్పటికే ఒకడు కాపురం ఉంటున్నాడన్నమాట.

తర్వాత ఏ గది తలుపు తీసినా ఇదే వరస. ఆ ఎత్తులో నాచులాంటివి తిని బతికే వానరం ఉంటుందా అంటే ఉంది, యునాన్, టిబెట్ సరిహద్దు కొండల్లో చప్పిడిముక్కు కోతులు. కొన్నిసార్లు 4,700 మీటర్ల దాకా కూడా వెళతాయి, చెట్లకి నాచులా వేలాడే లైకెనే వాటి ముఖ్యమైన తిండి, మందలో వందకు పైగా ఉంటాయి. మంచులో కూర్చున్న ఆ కోతి మొహం చూడండి, బొద్దు పెదవులు గులాబీ రంగులో, ముక్కు ఉందా లేదా అన్నట్టు, మన కొండముచ్చుకి లిప్‌స్టిక్ వేసినట్టుంటుంది. ఏ యతి దీనికంటే వింతగా ఉంటుంది? నేపాల్ వైపు కొండముచ్చులు నాలుగువేల మీటర్ల దాకా తిరుగుతాయి. ఇక యాక్‌ని చంపే పెద్ద జంతువు టిబెట్ గోధుమరంగు ఎలుగు.

షేర్పాలు ఇదంతా కలిపి ముద్ద చేయలేదని చెప్పాలి. వాళ్ళ దగ్గర యతి ఒకటి కాదు. పశువుల్ని చంపే పెద్దది జుతే, మనిషి పోలికలున్నది మెహ్‌తే, కింద అడవిలో తిరిగే చిన్నది థెల్మా. జుతే వర్ణన గోధుమరంగు ఎలుగుకి అతికినట్టు సరిపోతుంది. మనమూ అంతే కదా, వానరసేనలో ఎవరు కోతి, ఎవరు భల్లూకం అన్నది చిన్నపిల్లాణ్ణడిగినా చెబుతాడు, జాంబవంతుడికి తోక పెట్టి బొమ్మ గీస్తే ఊరుకోడు. రెంటినీ కలిపి ఒకే మంచుమనిషిని చేసింది బయటినుంచి వచ్చినవాళ్ళు. 1921 ఎవరెస్ట్ యాత్ర నాయకుడు హోవర్డ్-బ్యూరీ తాను చూసిన అడుగులు తోడేలువై ఉంటాయన్నాడు, కూలీలు చెప్పిన పేరుని కలకత్తా స్టేట్స్‌మన్‌లో రాసే హెన్రీ న్యూమన్ ఇంగ్లీషులోకి తెస్తూ భయంకరమైన మంచుమనిషిగా మార్చాడు, అక్కణ్ణుంచి బండి ఆగలేదు. 1959 నవంబరులో కాఠ్మాండూలోని అమెరికా దౌత్య కార్యాలయం యతి వేటకి నేపాల్ నియమాల్ని కాగితం మీద పెట్టింది: పర్మిట్‌కి 5,000 రూపాయలు, ఆత్మరక్షణకి తప్ప చంపకూడదు, దొరికినదాన్నీ తీసిన ఫోటోల్నీ నేపాల్ ప్రభుత్వానికి అప్పగించాలి. ఆ చివరి షరతు పెట్టినవాడెవడో గానీ తెలివైనవాడు.

ఎవరెస్ట్ ప్రాంతంలోని ఖుమ్‌జుంగ్ ఊరి గుడిలో యతి పుర్రెతోలు అని చూపిస్తారు. విరాళం వేస్తే తాళం తీస్తారు, అద్దం వెనక ఉంటుంది. కోసుగా, పైకి గుమ్మటంలా, ముతక వెంట్రుకలతో, ఎర్రని గోధుమరంగు. దగ్గరికెళ్ళి చూస్తే మధ్యలో పాపట తీసినట్టు వెంట్రుకలు నిక్కి ఉంటాయి, అక్కడక్కడ ఊడి తోలు కనిపిస్తుంది. ఎక్కడా కుట్టు లేదు. ఆ కుట్టు లేకపోవడమే జనాన్ని నమ్మించింది. 1960లో ఎడ్మండ్ హిల్లరీ ఊరివాళ్ళని బతిమాలి, ఊరి పెద్ద ఖున్‌జో చుంబిని తోడు తీసుకుని దాన్ని షికాగో, పారిస్, లండన్ తిప్పాడు. సెరో అనే కొండమేకలాంటి జంతువు తోలుని తడిమీద అచ్చుకి బిగించి చేసిందని తేలింది. సెరో తోలు తెప్పించి అలాంటిదే ఇంకోటి చేయించి కూడా చూశారు. నాకేమో దాన్ని చూస్తే మోసం అనిపించలేదు. ముసుగు వేసుకుని ఆడే ఆటల్లో వాడే సామాను అది, మన పగటివేషగాడి పులితోలు లాంటిది. పగటివేషగాణ్ణి పట్టుకుని "నువ్వు నిజం పులివేనా" అని ల్యాబుకి పంపితే తప్పెవరిది?

అడుగుల సంగతి మాకు, ఉద్దానం వాళ్ళకి, కొంచెం ఎక్కువ తెలుసు. శ్రీకాకుళం జిల్లాలో మా జీడితోటల్లో ఎలుగులు తిరగడం మామూలే, ఏటా మనుషుల మీద పడుతుంటాయి, అది వేరే కథ. చిన్నప్పుడు తోటలో ఇసకలో వరసగా అడుగులు చూసి, రాత్రి ఎవడో జీడిపిక్కల దొంగ చెప్పుల్లేకుండా వచ్చాడనుకున్నాం. మా చిన్నాన్న చూపించాడు. "మనిసడుగు కాదురా ఇది. ఏళ్ళు సూడు, అన్నీ ఒక్క వరసనున్నాయి. మనకి బొటనేలు లోపలేపు పెద్దది, దీనికి లోపలేపుది చిన్నది. ముందర గోళ్ళ గీతలున్నాయి, సూడు." ఎలుగు వెనక పాదం మడమతో సహా ఆనుతుంది కనక మనిషి పాదంలా పడుతుంది. బయటి వేళ్ళు పెద్దవి, లోపలిది చిన్నది కనక ఎడమ పాదం ముద్ర మన కుడి పాదంలా కనిపిస్తుంది. యతికి పాదాలు వెనక్కి తిరిగి ఉంటాయని అక్కడ చెప్పుకునే మాటకీ (మన దెయ్యాలకీ అంతే అనుకోండి) దీనికీ సంబంధం ఉండొచ్చని నా అనుమానం, అనుమానమే. నాలుక్కాళ్ళ మీద నడిచే ఎలుగు వెనక పాదాన్ని ముందు పాదం ముద్ర మీదే కాస్త జరిపి వేస్తే రెండూ కలిసి పెద్ద పొడుగు అడుగు తయారవుతుంది, పైగా రెండు కాళ్ళ జంతువు నడిచినట్టుంటుంది. మంచులో దాని మీద రెండు రోజులు ఎండ కాస్తే అంచులు కరిగి ఇంకా పెద్దదవుతుంది. 32 అంగుళాలు అలా వస్తాయి. 1951లో మెన్‌లుంగ్ హిమానీనదం మీద పర్వతారోహకుడు ఎరిక్ షిప్టన్ ఐస్ యాక్స్ పక్కన పెట్టి తీసిన ప్రఖ్యాత ఫోటో, 13 అంగుళాల అడుగు, దాని గురించి ఇప్పటికీ కొట్టుకుంటారు. ఆ ఒక్క ఫోటో దగ్గర నాకూ ఒక మూల గులగానే ఉంటుంది. కానీ ఒక అడుగు జంతువు కాదు.

నమ్మేవాళ్ళు ఎప్పుడూ ఒకే మాట అంటారు: హిమాలయాలు పెద్దవి, మనం చూడనిది ఎంతో ఉంది. నిజమే, నేనూ ఒప్పుకుంటాను. ఒప్పుకుని చూడండి ఏమవుతుందో. మన దేశంలో మంచు చిరుతల లెక్క 2024లో వచ్చింది, 718. దానికోసం 1,971 చోట్ల కెమెరాలు పెట్టారు, 241 చిరుతల్ని మచ్చల్ని బట్టి విడివిడిగా గుర్తుపట్టారు. మంచు చిరుత కంటే దాక్కోగలిగిన జంతువు ఇంకోటి లేదంటారు, దాన్నే పేరుపేరునా లెక్కపెట్టారు. 2019లో ఎవరెస్ట్ కింద 4,500 నుంచి 5,500 మీటర్ల మధ్య చెరువుల్లో, వాగుల్లో నీళ్ళు తీసి అందులో కరిగిన డీఎన్‌ఏ చూస్తే 187 క్రమాలకి (అంటే జీవుల పెద్ద వర్గాలకి) చెందిన జీవుల జాడలు కనిపించాయి. అదే యాత్రలో ఐదువేల మీటర్ల పైన ఏరిన మలం పరీక్షిస్తే పాలస్ క్యాట్ అనే బొద్దు పిల్లి బయటపడింది, ఎవరెస్ట్ చుట్టూ ఉన్న జాతీయ పార్కులో అది ఉందని అప్పటిదాకా ఎవరికీ తెలియదు. చూశారా, తెలియని జంతువు దొరికింది. పిల్లంత జంతువు, ఫోటో లేకుండా, పెంటతో దొరికింది. 2017లో యతివని దాచుకున్న తొమ్మిది నమూనాలకి, ఎముకా వెంట్రుకా పన్నూ మలమూ అన్నిటికీ, డీఎన్‌ఏ చూస్తే ఎనిమిది ఎలుగులవి, ఒకటి కుక్కది. ఆ పరిశోధన వల్ల హిమాలయ గోధుమరంగు ఎలుగు మిగతా గోధుమరంగు ఎలుగుల నుంచి ఆరున్నర లక్షల ఏళ్ళ కిందటే విడిపోయిన పాత శాఖ అని తెలిసింది. యతి కోసం వెళ్ళినవాడికి దొరికినదేమీ తక్కువది కాదు.

నా మటుకు నాకు, కథకీ నిజం జంతువుకీ తేడా పట్టుకునే ఉపాయం ఒకటుంది. నిజం జంతువు గురించి ఊరివాళ్ళు చెప్పే మాటల్లో పనికిమాలిన వివరాలుంటాయి. 2010లో ఉత్తర మయన్మార్ కచిన్ రాష్ట్రంలో కొత్త రకం చప్పిడిముక్కు కోతి బయటపడింది. వేటగాళ్ళు ముందే చెప్పారు, దాని ముక్కు పైకి తిరిగి ఉంటుంది, వాన పడితే నీళ్ళు ముక్కులోకి పోయి తుమ్ముతుంది, అందుకని వాన రోజు తల మోకాళ్ళ మధ్య పెట్టుకుని కూర్చుంటుంది, తుమ్ము విని పట్టుకోవచ్చు అని. ఇలాంటిది ఎవడూ కల్పించడు. 2005లో శాస్త్రం గుర్తించిన అరుణాచల్ కోతిని తవాంగ్ వాళ్ళు పంటలు పాడుచేసే దొంగగా ఎప్పట్నుంచో తిట్టుకుంటున్నారు. తిట్టు కూడా సాక్ష్యమే. యతి గురించి ఎన్ని కథలైనా వినండి, తాగించి కొట్టుకునేలా చేసి చంపిన కథ, దిగువకి పరిగెత్తితే జుట్టు కళ్ళకడ్డం పడి మనల్ని పట్టుకోలేదన్న కథ, అన్నీ బ్రహ్మాండంగా ఉంటాయి, ఒక్కదాంట్లోనూ తుమ్ము ఉండదు.

మేఘాలయ గారో కొండల్లో మాండే బరుంగ్ అని అక్కడి యతి ఒకటి ఉంది, దాని వెంట్రుకలని చెప్పినవి 2008లో గోరల్ అనే కొండమేకవని తేలాయి. అదే కొండల్లో హూలాక్ గిబ్బన్ ఉంది, మన దేశంలో ఉన్న ఒకే ఒక్క తోకలేని వానరం, పొద్దున్నే జంటగా పాడుతుంది, దాన్ని చూడ్డానికి టీవీ వ్యాన్లేమీ వెళ్ళవు. అమెరికా బిగ్‌ఫుట్ సంగతి ఒక్క మాటలో తేల్చేస్తాను: 2009లో కొందరు పరిశోధకులు, సగం వేళాకోళంగా, జనం బిగ్‌ఫుట్‌ని చూశామన్న చోట్లన్నీ కంప్యూటర్‌కిచ్చి అది ఎలాంటి వాతావరణంలో బతుకుతుందో మ్యాపు గీయించారు. ఆ మ్యాపు అమెరికా నల్ల ఎలుగు మ్యాపుతో దాదాపు కలిసిపోయింది. అక్కడా అతనే.

భూటాన్ వాళ్ళది నాకు నచ్చిన పద్ధతి. 1966లో యతి మీద తపాలా బిళ్ళలు వేశారు. తూర్పున సాక్టెంగ్ అభయారణ్యాన్ని మిగోయ్‌కి, అంటే వాళ్ళ యతికి, ఆశ్రయమని కూడా చెప్పుకుంటారు. ఉందా లేదా అని తేలేదాకా ఆగలేదు. యతికని అడవిని ఉంచితే అందులో ఎర్ర పాండా, మంచు చిరుత, ఎలుగు ఉంటాయి, యతి వస్తే దానికీ గది ఖాళీగా ఉంటుంది. మనవైపు ఏం జరుగుతోందో కూడా చెప్పాలి కదా. కశ్మీర్‌లో సోన్‌మర్గ్ చుట్టూ గోధుమరంగు ఎలుగుల మలం ఏరి చూసినవాళ్ళకి అందులో ప్లాస్టిక్ సంచులు, పాలపొడి, చాక్లెట్ రేపర్లు కనిపించాయి. టూరిస్టుల చెత్తకుప్పల మీద బతుకుతోంది ఆ ఎలుగు. దేశమంతా యతివని ఎగబడి చూసిన ఆ అడుగులు వేసిన జంతువుకి బహుశా అది దగ్గరి చుట్టం.

కాబట్టి ఈసారి మీ ట్రెక్కింగ్ గ్రూపులో ఎవరైనా మంచులో అడుగు ఫోటో పెడితే జోకులెయ్యకండి, దండాలూ పెట్టకండి. పక్కన స్కేలో, కనీసం వాటర్ బాటిలో పెట్టి మళ్ళీ తియ్యమనండి. ఎన్ని గంటలకి తీశారు, ఎండ ఎప్పట్నుంచి పడుతోంది, ముందు వెనక అడుగులెన్ని ఉన్నాయి, అవి ఎటు వెళ్ళాయి అని అడగండి. తర్వాత ఆ దారి వెంట కిందికి, చెట్లు మొదలయ్యేదాకా వెళ్ళి పేడ కోసం వెతకమనండి. దొరికితే చేత్తో ముట్టుకోకుండా కవరు తిరగేసి తీసి, మూతి కట్టి, తేదీ, ఎత్తు రాసి దగ్గర్లోని పార్కు ఆఫీసులో ఇచ్చెయ్యాలి. బ్యాగులో వేసుకుని హైదరాబాద్ తెచ్చేద్దామనుకోకండి, ఎయిర్‌పోర్టులో అదేమిటని అడిగితే చెప్పుకోలేక చస్తారు.